కుక్కర్ మీద వెయిట్ పీకేసి వండుతారా?

కోపంలో ఉన్నప్పుడు ఉత్తరం రాయకూడదని మా నాన్నగారు అనేవారు. మూడు రోజులు ఆగాను. తగ్గలేదు. అందుకని రాస్తున్నాను.

పోయిన ఆదివారం మా ఆడపడుచు వాళ్ళొచ్చారు. వాళ్ళబ్బాయికి కొత్త బైకు కొన్నారు. రెండొందల సీసీ, నల్లగా నిగనిగలాడుతోంది. గుడి దగ్గర పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, స్వీట్లు పట్టుకుని అట్నుంచి అటే మా ఇంటికొచ్చారు. పిల్లాడికి ఇంకా పద్దెనిమిది నిండలేదు. ఇంటర్‌లో మార్కులు బాగా వచ్చినందుకు బహుమతిట. బెజవాడ ట్రాఫిక్‌లో వాడే నడుపుకుంటూ వచ్చాడు, హెల్మెట్ అద్దానికి తగిలించుకుని.

అదే సమయానికి మా పెద్దాడు పెరట్లో పాత దినపత్రికలు పరుచుకుని, ఒక ఇంజను ముందేసుకుని కూర్చున్నాడు. చిన్నది పక్కన టార్చి పట్టుకుంది. అన్నయ్యగారు స్వీటు తింటూ అటు చూసి అన్న మాట ఇది: "చెల్లెమ్మా, నువ్వైనా చెప్పొద్దూ? చదువుకునే పిల్లాడి చేతికి పానాలిచ్చి మెకానిక్కుని చేస్తున్నారేంటి? రేపు అది పేలితే?"

ఇంటికొచ్చిన మనిషిని ఏమీ అనలేక కాఫీ కలపడానికి లోపలికి వెళ్ళిపోయాను. అప్పుడు అనలేనిది ఇప్పుడు అంటాను.

ముందు ఆ వస్తువేంటో చెప్పాలి. స్లాబు పోసేటప్పుడు కాంక్రీటు కుదరడానికి పొడుగాటి నల్ల గొట్టం ఒకటి లోపలికి దించుతారు చూశారూ, వైబ్రేటరు. దాన్ని తిప్పే పెట్రోలు ఇంజను ఇది. నూట తొంభై ఆరు సీసీ. మెకానిక్కులందరికీ తెలిసిన హోండా జీఎక్స్200 నమూనాలోది. మా పై వాటా కట్టిన మేస్త్రీ పనికిరాదని మూల పడేస్తే, మావాడు రెండువేల అయిదొందలకి కొనుక్కొచ్చాడు. పాలిటెక్నిక్ రెండో ఏడు చదువుతున్నాడు. దాన్ని బాగుచేసి, ఇనప పైపుల చట్రానికి బిగించి, నాలుగు చిన్న చక్రాల బండి చెయ్యాలని వాడి కోరిక. గోకార్టు అంటారు.

ఇదేమీ మావాడికి కొత్తగా పుట్టిన పిచ్చి కాదు. అసలు గోకార్టు పుట్టిందే ఇలా. 1956లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఆర్ట్ ఇంగెల్స్ అనే ఆయన, రేసుకార్లు తయారుచేసే చోట పనిచేస్తూ, గడ్డి కోసే యంత్రాలకు వాడే చిన్న ఇంజన్ని ఇనప గొట్టాల చట్రానికి బిగించి మొదటి కార్టు చేశాడు. పెద్ద పెద్ద రేసు డ్రైవర్లు చిన్నప్పుడు ఓనమాలు దిద్దుకునేది ఆ బండి మీదే.

మేం కొన్నప్పుడు మా ఇంజను స్టార్టరు తాడు లాగితే చేతికి ఏమాత్రం బరువు తగిలేది కాదు. గాలి వడకట్టే స్పాంజి ఉండాల్సిన చోట ఎవరో పాత బనీను గుడ్డ కుక్కారు. ఏళ్ళ తరబడి సిమెంటు దుమ్ము లోపలికి పోయింది. సిమెంటు దుమ్ము ఆయిల్లో కలిస్తే గరుకు కాగితంతో రుద్దినట్టే. రింగులు అరిగాయి, సిలిండరు గోడ అరిగింది. ఆయిలు తీస్తే కాటుకలా వచ్చింది. ఆటోనగర్ లేతు షాపాయన బోరు కొలిచి, బోరింగు చేసి పావు మిల్లీమీటరు పెద్ద పిస్టన్ వెయ్యాలన్నాడు. మావాడు మూడు నెలలు ఖర్చుల డబ్బులు దాచుకుని వేయించాడు.

ఆ మూడు నెలల్లో నేను చూసింది చెబుతాను. ఫ్లైవీలు ఊడిరాకపోతే మొదటిరోజు సుత్తి తీశాడు. కొట్టబోయి ఆగాడు. నెమ్మదిగా పుస్తకం తిరగేసి, మర్నాడు పుల్లరు అద్దెకు తెచ్చాడు. స్నానానికి వెళ్ళమంటే పదిసార్లు పిలిపించుకునే పిల్లాడు, విప్పిన ప్రతి బోల్టునీ ఎక్కడిది అక్కడ అట్టముక్కకి గుచ్చి పేరు రాసుకున్నాడు. వాల్వులు గ్రైండింగు పేస్టుతో రుద్ది కూర్చోబెట్టాడు, ఫీలరు గేజి పెట్టి సందు చూసుకున్నాడు. లోపలికి గాలి తీసుకునే వాల్వుకి 0.15 మిల్లీమీటరు, పొగ వదిలే వాల్వుకి 0.20. మా ఇంట్లో కొన్నేళ్ళుగా పుస్తకం చదివి చేసిన పని ఇదొక్కటే.

కనెక్టింగు రాడ్డు దగ్గర ఒక గొడవ జరిగింది. ఈ ఇంజన్లలో రాడ్డు అల్యూమినియంది. దాని కింద చిన్న గరిటెలాంటి కొస ఉంటుంది. తిరిగేటప్పుడు అడుగునున్న ఆయిల్ని ఆ గరిటే చిమ్ముతుంది. ఆయిలు పంపు అంటూ ఏమీ లేదు. పట్టే ఆయిలు 600 మిల్లీలీటర్లు, అది తగ్గిందా, గరిటెకి అందదు, ఇంజను పట్టేస్తుంది. ఆ రాడ్డు బోల్టుల్ని 12 న్యూటన్ మీటర్ల బిగువుతో బిగించాలని సర్వీసు పుస్తకంలో ఉంది. మా వీధి చివర మెకానిక్కు "చేతి లెక్క చాలు తమ్ముడూ, ఇరవై ఏళ్ళ నుంచి బిగిస్తున్నా" అన్నాడు. ఆయన అనుభవాన్ని నేను తక్కువ చెయ్యను. పప్పులో ఉప్పు నేనూ చేతి లెక్కనే వేస్తాను. కానీ పప్పులో ఉప్పెక్కువైతే ఇంకో గ్లాసు నీళ్ళు పోస్తాం. రాడ్డు బోల్టు వదులైతే ఏం పోస్తాం? మావాడు కాలేజీ లాబులో అడిగి టార్క్ రెంచీ తెచ్చుకుని బిగించాడు.

ఇప్పుడు అన్నయ్యగారిని అడుగుతున్నాను. మీ అబ్బాయి బైకు బ్రేకు ప్యాడ్లు ఎక్కడుంటాయో వాడికి తెలుసా? చైను ఎంత వదులుండాలో తెలుసా? ఆయిలు ఎక్కడ చూడాలో తెలుసా? తెలీదు. తెలియాల్సిన పనిలేదని మీరే అనుకుంటారు, సర్వీసింగుకి ఇస్తే వాళ్ళే చూసుకుంటారు కదా అని. లోపల ఏముందో ఏమాత్రం తెలియని వస్తువు మీద పిల్లాణ్ణి గంటకి వంద కిలోమీటర్ల వేగంతో పోనివ్వడం మీకు ప్రేమ. నేల మీద కదలకుండా ఉన్న ఇంజన్ని విప్పి చూడనివ్వడం మీకు ప్రమాదం. ఈ లెక్క నాకు అర్థం కాదు.

అసలు సంగతి ప్రమాదం కాదులెండి. "మెకానిక్కుని చేస్తున్నారేంటి" అన్న మాటలోనే ఉంది. చేతికి గ్రీజు అంటితే చదువు చెడినట్టు మన లెక్క. ఇంజనీరింగు సీటు కోసం లక్షలు పోస్తాం, ఇంజను ముట్టుకుంటే మాత్రం పరువు పోతుంది. ఆ మెకానిక్కు లేకపోతే మీ కొత్త బైకు రెండో ఏడు రోడ్డెక్కదు.

ఇంతవరకూ చదివి, "భలే చెప్పారు" అని ఇంజన్ల పిచ్చి ఉన్న తమ్ముళ్ళంతా చప్పట్లు కొడుతుంటారు. ఆగండి. ఇప్పుడు మీ వంతు.

ఇంజను బాగయి, మొదటిసారి తాడు లాగగానే పట్టుకుని ఆడిన రోజు మా ఇంట్లో పండగే. ఆ సాయంత్రమే ఇద్దరు సలహాదారులు వచ్చారు. ఒకరు వీధి చివర మెకానిక్కు, రెండోవాడు మావాడి స్నేహితుడు. ఇద్దరిదీ ఒకే మాట: "గవర్నర్ పీకేద్దాం. బండి డబుల్ స్పీడు పోతుంది. పైసా ఖర్చు లేదు." మావాడి కళ్ళు మెరిశాయి. ఆ మెరుపు తల్లికి వెంటనే కనపడుతుంది.

"గవర్నరంటే ఏంట్రా?" అన్నాను.

వాడు చెప్పింది ఇది. ఇంజను లోపల చిన్న పళ్ళచక్రం, దానికి చిన్న బరువులు ఉంటాయి. వేగం పెరిగేకొద్దీ ఆ బరువులు బయటికి విచ్చుకుంటాయి. విచ్చుకుని ఒక కడ్డీని తోస్తే, అది కార్బరేటరు తలుపుని కొంచెం మూస్తుంది. ఇంజను నిమిషానికి 3600 చుట్లు, ఆ దరిదాపులు దాటకుండా చూస్తుంది.

"అంటే కుక్కరు మీద వెయిటన్నమాట" అన్నాను.

వాడు నవ్వాడు. నేను నవ్వలేదు. నా చిన్నప్పుడు మా వీధిలో ఒకావిడ, విజిలు చప్పుడు చంటిపిల్లని లేపుతోందని వెయిటు మీద తడిగుడ్డ కప్పి బరువు పెట్టింది. మూత వెళ్ళి పైకప్పుకి తగిలింది. ఆవిడ ముఖం మీద మచ్చ నాకిప్పటికీ గుర్తు. వేగంగా ఉడకాలని వెయిటు పీకేవాళ్ళుంటారా? మరి ఇదేం తెలివి?

తర్వాత చదివితే నా పోలిక అంత మొరటుదేం కాదని తెలిసింది. ఆవిరితో ఉడికించే మూతపాత్రని డెనిస్ పాపిన్ అనే ఫ్రెంచాయన 1679లో లండన్‌లోని రాయల్ సొసైటీ వాళ్ళకి చూపించాడు. ఆవిరి ఎక్కువైతే బయటికి వదిలే బరువు కవాటం కూడా ఆయన ఆలోచనే. అదే పాపిన్ 1690లో, గొట్టంలో పిస్టన్ని ఆవిరితో లేపే నమూనా చేశాడు. అంటే మన వంటింటి కుక్కరూ, పెరట్లో పిస్టనూ ఒకే తండ్రి బిడ్డల్లాంటివి. 1788లో జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రానికి తిరిగే గుండ్ల గవర్నర్ పెట్టాడు. మూడొందల ఏళ్ళకి పైగా పెద్దవాళ్ళు, బలాన్ని పుట్టించడంతో పాటు దాన్ని ఎక్కడ ఆపాలో కూడా ఆలోచిస్తూ వచ్చారు. మన తమ్ముళ్ళు పానా పట్టుకుని అయిదు నిమిషాల్లో దాన్ని పీకేస్తారు.

లెక్క కూడా చూడండి. 3600 చుట్లంటే పిస్టన్ సెకనుకి 60 సార్లు పైకెళ్ళి కిందికొస్తుంది. ప్రతిసారీ పైన ఆగి, వెనక్కి తిరగాలి. దాన్ని వెనక్కి గుంజేది ఆ అల్యూమినియం రాడ్డే. గవర్నర్ పీకేసి 5400 చుట్లకి తీసుకెళ్ళారనుకోండి, వేగం పెరిగింది ఒకటిన్నర రెట్లే. రాడ్డు మీద గుంజుడు మాత్రం రెండుంపావు రెట్లు. ఒకటిన్నరని ఒకటిన్నరతో గుణించాలి కాబట్టి. పోత ఇనుముతో చేసిన ఫ్లైవీలు మీద పడే ఒత్తిడీ అంతే. అందుకే దీని పోటీలు తెలిసినవాళ్ళు, గవర్నర్ తీసేముందు గట్టి లోహపు దిమ్మె నుంచి చెక్కిన ఫ్లైవీలు, గట్టి రాడ్డు, వాల్వు స్ప్రింగులు అన్నీ మారుస్తారు. మన పెరటి వీరులు "పైసా ఖర్చు లేదు" అంటున్నది ఆ ఖర్చునే. కట్టకుండా వదిలేసిన ఆ ఖర్చు ఫ్లైవీలు ముక్కల రూపంలో పిల్లాడి వీపు వైపు వస్తుంది. కార్టులో ఇంజను ఉండేది వీపు వెనకాల, నడుము ఎత్తులో.

నేను ఒప్పుకోలేదు. మావారు కూడా "కుర్రాళ్ళు కదా, కొంచెం స్పీడు లేకపోతే ఎలా" అన్నారు. అయినా ఒప్పుకోలేదు. లెక్కలు తెలిసి కాదు, అవి తర్వాత నేర్చుకున్నాను. అప్పటికి కుక్కరు భయం ఒక్కటే. "అది పీకిన రోజు బండి గేటు దాటదు" అన్నాను. వారం రోజులు వాడు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఇప్పుడు చెప్పబోయేది అన్నయ్యగారికి తెలియదు. చెబితే "నే చెప్పలా" అంటారని ఆ రోజు చెప్పలేదు. దాచడం తప్పు కాబట్టి ఇక్కడ చెబుతున్నాను.

మా పెదనాన్నగారి బియ్యం మిల్లు దగ్గర వడ్లు ఆరబోసే పెద్ద సిమెంటు కళ్ళం ఉంది. చుట్టూ గోడ, ఒకటే గేటు. వడ్లు లేని రోజుల్లో అక్కడే నడపాలని షరతు. గోడ వెంబడి ఊక బస్తాలు వరసగా పేర్పించాం. మూడో వారం చిన్నది "నేనూ నడుపుతా" అంది. తొమ్మిదో తరగతి. హెల్మెట్ పెట్టాం, జడ లోపలికి దోపాం. రెండు చుట్లు బాగానే తిరిగింది. మూడో చుట్టులో కాలు తీసినా బండి వేగం తగ్గలేదు. ఎక్సిలరేటరు తీగ సైలెన్సరు పక్కనుంచి వెళ్తోంది, దాని తొడుగు వేడికి కరిగి తీగ ఇరుక్కుపోయింది. పిల్ల భయపడి స్విచ్చు నొక్కింది. ఇంజను ఆగలేదు.

ఎందుకు ఆగలేదో విన్నాక నాకు వారం రోజులు నిద్ర పట్టలేదు. ఇంట్లో లైటు స్విచ్చు ఆఫ్ చేస్తే తీగ తెగినట్టు లెక్క, లైటు ఆరిపోతుంది. ఈ ఇంజన్లలో తిరకాసు. స్విచ్చు నొక్కితే తీగ బాడీకి కలుస్తుంది, అప్పుడు ప్లగ్గులో నిప్పురవ్వ ఆగి ఇంజను ఆగుతుంది. అంటే తీగ తెగిపోతే ఇంజను ఆగదు, ఇంకెప్పటికీ ఆగనంటుంది. అదురుకి మా తీగ టంకం దగ్గర ఊడిపోయింది. ఎప్పుడు ఊడిందో ఎవరికీ తెలీదు, ఎందుకంటే ఆ రోజు పొద్దున ఎవరూ నొక్కి చూడలేదు.

పిల్ల బ్రేకు తొక్కింది. క్లచ్చు కాలి పొగ వచ్చింది. బండి వంకర తిరిగి ఊక బస్తాల్లోకి దూరింది. పెద్దాడు పరుగెత్తి ఛోక్ పూర్తిగా మూసేశాడు, ఇంజను ఊపిరాడక ఆగింది. చిన్నదానికి పెదవి చిట్లింది, మోకాలు దోక్కుపోయింది. అంతే. ఆ "అంతే" రాయడానికి నాకు చెయ్యి ఎంత వణికిందో నాకే తెలుసు.

ఇక్కడ ఒక్క సంగతి గమనించండి. పెడలు ఇరుక్కుంది. స్విచ్చు పనిచెయ్యలేదు. మనిషి చేతిలో ఉన్నవన్నీ చెయ్యిచ్చాయి. చెయ్యివ్వనిది ఒక్కటే, ఇంజను కడుపులో తిరుగుతున్న ఆ చిన్న బరువులు. పెడలు తీగని మావాడు గవర్నర్ లివరుకి కట్టాడు కాబట్టి, తీగ పూర్తిగా ఇరుక్కున్నా ఇంజను 3600 దాటలేదు. అందుకే బ్రేకుకి ఆ మాత్రమైనా లొంగింది. వారం ముందు అందరూ కలిసి పీకేద్దామన్నది దాన్నే.

"ఇంత జరిగాక ఇంకా ఆ బండి ఇంట్లో ఉందా?" అని మీరు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. నన్ను నేనూ అడిగాను. రెండు రోజులు బండి తుక్కు కింద అమ్మేద్దామనే అనుకున్నాను. కానీ ఆలోచిస్తే, తప్పు ఇంజన్ని విప్పడంలో లేదు. వరస తప్పడంలో ఉంది. మేం ముందు పరుగెత్తించే భాగం చేశాం, తర్వాత ఆపే భాగం చేశాం. నూనె మూకుడు పొయ్యి మీద పెట్టాక పట్టకారు కోసం వెతుక్కునే ఇల్లాలు ఉంటుందా? ఇంజను మీద మూడు నెలల శ్రద్ధ, బ్రేకు మీద మూడు రోజుల శ్రద్ధ. ఆ తప్పు పిల్లాడిది మాత్రమే కాదు, నాదీ, మావారిదీ. టార్క్ రెంచీ చూసి మురిసిపోయాం గానీ, స్విచ్చు నొక్కి చూపించమని ఎవరం అడగలేదు.

అమ్మేస్తే వాడికి మిగిలే పాఠం "భయపడు" అని. ఉంచి సరిచేయిస్తే మిగిలేది "ముందు ఆపడం నేర్చుకో" అని. రెండోదే కావాలనుకున్నాను. ఇప్పుడు బండికి రెండు స్విచ్చులు, ఒకటి నడిపేవాళ్ళ చేతికి, ఒకటి బయట నిలబడ్డవాళ్ళకి అందేలా. రెండూ వేరు వేరు తీగలతో. ప్రతిసారీ బండి కదిలేముందు ఇంజను వేసి, ఒక స్విచ్చుతో ఆపి, మళ్ళీ వేసి, రెండోదాంతో ఆపి చూపించాలి, నాకు. ఎక్సిలరేటరుకి రెండు స్ప్రింగులు, పెడలు దగ్గరొకటి, కార్బరేటరు దగ్గరొకటి. తీగ సైలెన్సరుకి దూరంగా. చిన్నది నడిపేటప్పుడు పెడలు కింద ఒక బోల్టు అడ్డం, గవర్నర్ 2400 దగ్గరే ఆపేస్తుంది.

వేగం తక్కువైందని ఏడుస్తున్నారా తమ్ముళ్ళూ? వేగం మార్చుకోవడానికి పద్ధతైన దారి ఉంది, పళ్ళు లెక్కపెట్టుకోవడమే. క్లచ్చుకి 10 పళ్ళు, వెనక ఇరుసుకి 60 పళ్ళు. ఇంజను ఆరు చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు. 3600ని ఆరుతో భాగిస్తే 600. మా చక్రం ఒక చుట్టుకి మీటరు పైచిలుకు వెళ్తుంది. గంటకి 37 కిలోమీటర్లు, అంతకు మించదు. నేల నుంచి జానెడు ఎత్తులో కూర్చుని 37లో పోతుంటే విమానంలా ఉంటుంది, నేనూ ఎక్కి చూశాను. పళ్ళచక్రం మార్చు, సీటు మార్చు, గాలి ఫిల్టరు మంచిది వెయ్యి, సైలెన్సరుకి జాలీ కట్టు. గవర్నర్ జోలికి, హెడ్డు చెక్కించే జోలికి పోకు. మార్పు అంటే ఇది.

ఇంజనీరింగు కాలేజీల పిల్లలు పాల్గొనే బాహా పోటీ మన దేశంలో 2007 నుంచి జరుగుతోంది. ఇండోర్ దగ్గర పీథంపూర్‌లో వాళ్ళు సొంతంగా చేసిన బండ్లని గుంటల్లో రాళ్ళల్లో పరుగెత్తిస్తారు. పెట్రోలు బండ్లకి ఏళ్ళ తరబడి అందరికీ ఒకటే పది హార్స్‌పవర్ ఇంజను. దాన్ని ముట్టుకుని బలం పెంచకూడదని నియమం. పరుగుకి ముందు బ్రేకు పరీక్ష, నాలుగు చక్రాలూ బిగుసుకోవాలి. ఆపే స్విచ్చులు రెండు ఉండాలి, లోపలొకటి, బయటొకటి. ఇంజను ముట్టుకోకుండా తెలివంతా మిగతా బండి మీద చూపించమన్నారు. అది చేతకానివాడే గవర్నర్ పీకుతాడు.

అమ్మలకి విడిగా చెప్పాల్సింది ఒకటుంది. 2018లో హర్యానాలోని పింజోర్‌లో, 2020లో మన హైదరాబాద్ శివార్లలో, గోకార్టు ఎక్కిన ఆడవాళ్ళ జుట్టు చక్రాల్లో చిక్కుకుని ప్రాణాలు పోయాయి. రెండు చోట్లా డబ్బు కట్టించుకుని సరదాగా తిప్పే బండ్లే, ఇళ్ళల్లో చేసినవి కావు. తిరిగే ఇరుసు, చైను మూతలేకుండా వదిలేస్తే అంతే. మా బండికి చైను మీద, ఇరుసు మీద ఇనప రేకు మూత ఉంది. చున్నీ, పైట, వదులు జుట్టు కళ్ళం గేటు దాటవు. అలాగని "ఆడపిల్లకి ఇవన్నీ ఎందుకు" అనకండి. జడ దోపుకోవడం నేర్పితే సరిపోయేదానికి సరదానే మానిపించక్కర్లేదు.

పెట్రోలు సంగతి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు, గ్యాసు గురించి మనకున్న జాగ్రత్తే. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, గ్యాసులాగే నేలమీద పాకుతుంది. కార్బరేటరు పెట్రోలుతో కడిగే చోట దీపం, పొయ్యి, ఇన్వర్టరు ఉండకూడదు. వేడి ఇంజన్లో పెట్రోలు పొయ్యకూడదు. మూసిన గదిలో ఇంజను ఆడించకూడదు, దాని పొగలోని విషవాయువుకి వాసన ఉండదు. మా అత్తయ్యగారు సంధ్యాదీపం పెట్టే వేళకి పెరట్లో పెట్రోలు డబ్బా మూత పడిపోవాలి. ఆవిడ దీపం ఆపరు, వాడే పని ఆపాలి.

చివరిది రోడ్డు. మా బండికి నంబరు లేదు, రాదు. అది వీధిలోకి రాదు, ట్రాలీ ఆటోలో కళ్ళానికి వెళ్ళి ట్రాలీ ఆటోలో తిరిగొస్తుంది. ఈ మాట అన్నయ్యగారి కోసమే అంటున్నాను. పద్దెనిమిది నిండని పిల్లాడికి గేర్ల బండి ఇచ్చి రోడ్డు మీదకి పంపితే, 2019లో మార్చిన మోటారు వాహనాల చట్టం ప్రకారం శిక్ష పిల్లాడికి మాత్రమే కాదు, తల్లిదండ్రులకీ బండి యజమానికీ. మూడేళ్ళ దాకా జైలు, 25 వేల జరిమానా. బండి రిజిస్ట్రేషను ఏడాది రద్దు. పిల్లాడికి పాతికేళ్ళు వచ్చేదాకా లైసెన్సు రాదు. నిమ్మకాయలు చక్రాల కిందకి కాకుండా షర్బత్‌కి వాడుకుని, ఆ బైకుని ఆరు నెలలు తాళం వేసి ఉంచితే పుణ్యముంటుంది.

నేను ఇంజన్ల పక్షం కాదు. వాటి చప్పుడంటే నాకు ఇప్పటికీ తలనొప్పే. నా గొడవల్లా ఒకటే. మనం పిల్లలకి బలమైన వస్తువులు ఎలాగూ ఇస్తున్నాం, ఇవ్వకపోయినా తెచ్చుకుంటారు. లోపల ఏముందో చూడనివ్వకుండా ఇవ్వడం ఒక తప్పు. చూడనిచ్చి, ఆపేవాటిని పీకేస్తుంటే ఊరుకోవడం ఇంకో తప్పు. ఈ రెండు తప్పుల మధ్య సందు ఎంతో పుస్తకం చూసి, గేజి పెట్టి కొలుచుకోవాలి, వాల్వుకి కొలిచినట్టే.

అన్నయ్యగారూ, వచ్చే ఆదివారం కళ్ళంలో వడ్లు లేవు. అబ్బాయిని తీసుకుని రండి. పానాలు మావాడివే ఉన్నాయి. ముందు స్విచ్చులు రెండూ నొక్కి చూపిస్తాడు, తర్వాతే తాడు లాగుతాడు. వదినగారిని చున్నీ ఇంట్లో వదిలి రమ్మనండి.